కొట్టివేత

సభ్యుల వసతి భవనం,
రెండో అంతస్తు.

చిట్టికి,

ఈపాటికి టీవీలో చూసే ఉంటావు. నిన్న మధ్యాహ్నం చట్టం నెగ్గింది. ఓటింగ్ అయ్యాక సభలో ఒక్కరూ కూర్చోలేదు. నన్ను ఇన్నేళ్ళూ "ఆడవాళ్ళ మెంబరు" అని వెనకనుంచి వెక్కిరించిన పెద్దమనుషులు కూడా లేచి బల్లలు చరిచారు. పై గ్యాలరీలో ఆ తల్లి కూర్చుంది, కిందటేడు కూతుర్ని పోగొట్టుకున్నామె. చట్టానికి ఆ పిల్ల పేరే పెట్టాం కదా. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఏడవనూ లేదు. "ఇంకే తల్లికీ ఇలా జరక్కూడదమ్మా" అంది, అంతే.

ఊరంతా ఫోన్ చేసింది. నువ్వు చెయ్యలేదు. చేసినా ఎత్తేది నా సెక్రటరీయే అనుకో. నా ఫోను ఇప్పుడు ముగ్గురి చేతుల్లో తిరుగుతోంది, అందుకే ఈ ఉత్తరం. నువ్వూ ఉత్తరమే రాయి. కవరు మీద "సొంతం" అని పెద్దక్షరాలతో రాయి, లేకపోతే వీళ్ళు దానిమీద కూడా ముద్ర గుద్ది ఫైల్లో పెట్టేస్తారు.

మీ మహిళా సంఘం వాళ్ళు సభ గేటు దగ్గర అట్టలు పట్టుకుని నిలబడ్డారు. "ఉరి వద్దు, విచారణ కావాలి" అని. ఆ వరసలో ఉన్నావేమోనని కారు అద్దం దించి చూశాను. లేవు. అమ్మ కాలం నుంచీ మనం మీటింగులు పెడుతూనే ఉన్నాం, కరపత్రాలు పంచుతూనే ఉన్నాం. ఏ మగాడైనా భయపడ్డాడా? ఒక్కసారి భయపడనీవే! ఇంటి మనిషే, పెంచినవాడే, కాపాడాల్సినవాడే పిల్లని చెరిస్తే ఉరి. ఆ క్లాజు నేను పట్టుబట్టి చేర్పించాను. పార్టీ పెద్దలు నీళ్ళు నమిలారు. నేను మెట్టు దిగలేదు.

నీకు నచ్చదని తెలుసు. నచ్చకపోతే మానె. అక్క గెలిచిందని సంతోషపడటానికి కూడా సిద్ధాంతం అడ్డమా?

అక్క



ఆశ్రయ గృహం,
ఆఫీసు గది.

అక్కకి,

సంతోషపడ్డాను. ఒట్టు. టీవీలో నువ్వు లేచి మాట్లాడుతుంటే మా వంటగదిలో వాళ్ళంతా గరిటెలతో సహా హాల్లోకి వచ్చేశారు. "మేడం గారి అక్క" అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుని మురిసిపోయారు. నీ జుట్టు మాత్రం వెనకవైపు రేగిపోయి ఉంది. అంతమందిని చుట్టూ పెట్టుకున్నావు, ఒక్కళ్ళూ చెప్పరా?

గేటు దగ్గరికి నేను రాలేదు. వస్తే నీకు ఎదురు నిలబడ్డట్టుంటుంది. రాకపోతే నా వాళ్ళని ఒంటరిగా వదిలేసినట్టుంటుంది. ఏం చెయ్యాలో తోచక ఆ రోజు ఇక్కడి దుప్పట్లన్నీ తీయించి ఉతికించాను.

నా బాధ సిద్ధాంతం కాదక్కా. ఈ గుమ్మం తొక్కినవాళ్ళలో ముక్కూ మొహం తెలియనివాడి వల్ల దెబ్బతిన్నవాళ్ళు చాలా తక్కువ. మిగతా అందరికీ వాడు ఇంట్లోవాడే. వాడికి అన్నం వడ్డించిన చేత్తోనే ఫిర్యాదు మీద సంతకం పెట్టాలి. శిక్ష ఎంత పెద్దదైతే ఆ చెయ్యి అంత వెనక్కి పోతుంది.

మొన్న ఒక అమ్మాయి వచ్చింది. కళ్ళద్దాల దుకాణంలో పని చేస్తుంది, వచ్చినవాళ్ళకి అక్షరాల బోర్డు చూపించి చూపు పరీక్ష చేస్తుంది. అందుకని ఇక్కడ అందరూ అద్దాలమ్మాయి అంటున్నారు. తండ్రి లేడు. ఇల్లు బాబాయిది. తల్లీ, నానమ్మా, పదేళ్ళ చెల్లెలూ అందరూ ఆయన నీడనే. ఈ పిల్ల తన సంగతి ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పలేదు. కిందటి వారం ఆయన బుడ్డదాని మంచం తీసుకెళ్ళి తన గదిలో వేయించాడట. అది చూసి నేరుగా పోలీస్ స్టేషన్‌కి నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. తల్లి కూడా వెంట వెళ్ళి, "నేనూ చూశాను, నేనూ చెప్తాను. జైలుకి పోతే పోనీ" అందట. అలా అనడానికి ఆవిడకెంత గుండె కావాలో నీకు వేరే చెప్పక్కర్లేదు.

బాబాయిని పట్టుకెళ్ళారు. కాగితాలు రాసుకున్న పోలీసాయన వీళ్ళకి ధైర్యం చెప్దామనుకున్నాడో ఏమో, "ఇంక దిగులు పడకండమ్మా, కొత్త చట్టం వచ్చింది, వీడికి ఉరే" అన్నాడు.

అద్దాలమ్మాయి నన్నడిగింది: "ఉరి అంటే నిజంగా ఉరేనా మేడం, ఊరికే అలా అంటారా?"

చిట్టి



సభ్యుల వసతి భవనం,
రెండో అంతస్తు.

చిట్టికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ అమ్మాయిని చూడకుండానే దండం పెట్టాలనిపించింది. చూశావా మరి, చట్టం వచ్చిన వారంలోనే ఒక పిల్ల స్టేషన్ మెట్లెక్కింది! వెనక్కి పోతుందన్న చెయ్యి ముందుకే వచ్చిందిగా?

నా క్లాజు కింద ఇదే మొదటి కేసు. కనుక్కున్నాను. న్యాయ శాఖలో మాట్లాడాను. మంచి ప్రభుత్వ వకీలుని వేస్తారు, నాకు తెలిసినావిడే, మహా గట్టి మనిషి. వాయిదాల మీద వాయిదాలు ఉండవు. ఇది నిలబడితే రేపు వందమంది ధైర్యంగా వస్తారు. పడిపోతే ఏమవుతుందో నీకు తెలుసు, సభలో నాకు ఎదురు కూర్చున్నవాళ్ళు కాచుకుని ఉన్నారు.

ఆ పిల్ల మనసు జారకుండా చూసుకో. ఈ దశలోనే జారుతుంది. చుట్టాలొచ్చి ఏడుస్తారు. కలవనివ్వకు. ఉరి గురించి అడిగితే, అది జడ్జి చూసుకుంటాడు, నీ పని నిజం చెప్పడమే అని చెప్పు.

నువ్వు ఈసారి నా పక్షాన ఉండు చిట్టీ.

అక్క



ఆశ్రయ గృహం,
ఆఫీసు గది.

అక్కా,

కలవనివ్వకు అన్నావు. వాళ్ళు కలవడానికి రాలేదు. నానమ్మ ఒక్కతే వచ్చి మా గేటు అవతల అరుగు మీద కూర్చుంది. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. పొద్దున్నే రావడం, చీకటి పడుతుంటే లేచి వెళ్ళడం. వానొచ్చినా లేవదు. మావాళ్ళు గొడుగిస్తే పక్కన పెట్టుకుని తడుస్తూనే కూర్చుంది. చివరికి అద్దాలమ్మాయే బయటికి వెళ్ళింది. నేను ఆపలేదు. తన నానమ్మ దగ్గరికి తను వెళ్తానంటే ఆపడానికి నేనెవరిని?

ముసలావిడ ఒక్క మాటే అంది. "నిన్నూ నేనే ఎత్తుకు పెంచాను, వాణ్ణీ నేనే ఎత్తుకు పెంచాను. ఒకళ్ళని చంపుకుని ఒకళ్ళని బతికించుకోమంటే నేనెలా చెయ్యనే?"

వాడు చేసింది తప్పు కాదని ఆవిడ అనలేదక్కా. అదే ఆ పిల్లని విరిచేసింది. వాడు అలాంటివాడు కాదని ఒక్కమాటన్నా ఈ పిల్ల పోట్లాడి ఉండేది.

తల్లి కూడా మెత్తబడింది. జైలనుకుని సాక్ష్యం చెప్తానంది. ఇప్పుడు అత్తగారి మొహం చూడలేకపోతోంది. "తాడు నా చేత్తో పేనినట్టవుతుంది మేడం. నా వల్ల కాదు" అని నా బల్ల మీద తల పెట్టుకుని కూర్చుంది. నీ గట్టి మనిషి, ఆ వకీలు గారు, వచ్చి ఆవిడని గదమాయించారు. "మీరు చెప్పకపోతే కేసు గాల్లో కలిసిపోతుంది, రేపు ఈ పిల్ల మొహం ఎలా చూస్తారు?" అన్నారు. అది నిజమే. కానీ ఆవిడ మర్నాటి నుంచి రావడం మానేసింది.

అద్దాలమ్మాయి ఇలా అంటోంది: "నేను బాబాయి చావాలని వెళ్ళలేదు. బుడ్డదాని మంచం ఆ గదిలోంచి తీయించాలని వెళ్ళాను." ఆ మాట రాసుకోవడానికి మీ చట్టంలో చోటు లేదక్కా.

ఒకటి అడగనా, కోపం తెచ్చుకోకు. నీ ఉత్తరంలో "మొదటి కేసు" అన్నావు, "నిలబడాలి" అన్నావు, "నా పక్షాన" అన్నావు. ఆ పిల్ల తింటోందా, నిద్రపోతోందా అని ఒక్క ముక్క లేదు. నేను మళ్ళీ మళ్ళీ వెతికాను.

చిట్టి



సభ్యుల వసతి భవనం.

చిట్టికి,

నిజమే, అడగలేదు. అడిగే తీరిక ఉన్నవాళ్ళకి అడగవలసినవి చాలా ఉంటాయి. నాకు ఇక్కడ ఆ ఒక్క పిల్లే కాదు, గడప దాటి రాలేనివాళ్ళు ఎంతమందో.

జైలు చాలంటావు. నాలుగేళ్ళకి బయటికొచ్చి అదే ఇంట్లో అదే కుర్చీలో కూర్చున్నవాళ్ళని నువ్వూ చూశావు, నేనూ చూశాను. అప్పుడు ఆ పిల్ల ఎక్కడికి పోవాలో నీ సంఘం చెప్పగలదా?

వాయిదా వచ్చే నెల. కోర్టులో జాగ్రత్త.

అక్క



ఆశ్రయ గృహం.

అక్కకి,

ఇవాళ కేసు కొట్టేశారు.

అద్దాలమ్మాయి బోనులో నిలబడి, ఏమీ జరగలేదనీ, ఇంట్లో మాటా మాటా పెరిగి కోపంలో ఫిర్యాదు ఇచ్చాననీ చెప్పింది. వకీలు గారు ఎన్ని విధాల అడిగినా అదే మాట. జడ్జి గారు తీర్పు చదువుతూ, ఫిర్యాదుదారు మాట నమ్మదగ్గది కాదనీ, ఇంతటి కఠినమైన చట్టాన్ని సొంత కక్షకి వాడుకోవడం సిగ్గుచేటనీ అన్నారు. ఆ పిల్ల తల వంచుకోలేదు. ఎదురుగా గోడవైపే చూస్తూ నిలబడింది.

నేను వెనక బెంచీలో ఉన్నాను. ఇంతకంటే రాయలేను.

చిట్టి



సభ్యుల వసతి భవనం,
రెండో అంతస్తు.

చిట్టీ,

ఆ తీర్పు ఇవాళ సభలో గట్టిగా చదివి వినిపించారు. మొత్తం. "సిగ్గుచేటు" అన్న చోట ఆగి, నావైపు చూసి, మళ్ళీ చదివారు. నవ్వులు. నా పార్టీ వాళ్ళూ నవ్వారు, చెయ్యి అడ్డం పెట్టుకుని.

అంతటితో ఆగలేదు. మా నాయకత్వమే ఇప్పుడు సవరణ తెస్తోంది. ఫిర్యాదు తప్పుడుదని కోర్టు అంటే ఫిర్యాదు చేసినామెకి జైలు. చట్టం నాది కాబట్టి సవరణ కూడా నా చేతే ప్రవేశపెట్టిస్తారట, అప్పుడు "సమతూకం"గా ఉంటుందట. వెనకటి కేసులకి వర్తించదు, మీ పిల్లకి వచ్చిన భయమేమీ లేదు. ఇకమీద నోరు విప్పబోయే ప్రతి ఆడదానికీ వర్తిస్తుంది.

ఆ పిల్ల నిజమే చెప్తోందని నువ్వే కదా రాశావు? మరి బోనులో అంత అబద్ధం ఎలా ఆడనిచ్చావు? వెనక బెంచీలో కూర్చుని చూస్తూ ఊరుకున్నావా? ఉరంటే నీకు గిట్టదు, నాకు తెలుసు. కానీ నామీద గెలవడానికి ఒక నేరస్తుణ్ణి ఇంటికి పంపుతావనుకోలేదు. అమ్మ ఉంటే నీ మొహాన అడిగేది. ఇప్పుడు నేను అడుగుతున్నాను. ఏం చేశావు?

జవాబు రాయకపోతే ఇదే ఆఖరి ఉత్తరం.

అక్క



ఆశ్రయ గృహం,
భోజనాల గది.

అక్కా,

ఏం చేశానో చెప్తాను. ఇది చదివాక నువ్వు ఏమీ చెయ్యకూడదు. అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదు.

తల్లి సాక్ష్యం లేకుండా కేసు నిలబడదని వకీలు గారే ఒప్పుకున్నారు. నిలబడకపోతే బాబాయి ఇంటికి వస్తాడు. ఆ ఇంట్లో బుడ్డది ఉంటుంది. అద్దాలమ్మాయి ఇదంతా మనకంటే ముందే ఆలోచించుకుంది. కోర్టుకి వారం ముందు నా దగ్గరికి వచ్చి, "మేడం, ఎలాగూ ఓడిపోతాం. ఓడిపోకముందే అమ్ముకుందాం" అంది. నాకు మొదట అర్థం కాలేదు. "కేసు ఉన్నన్నాళ్ళే వాళ్ళకి నేనంటే భయం. తర్వాత ఉండదు. ఇప్పుడే బుడ్డదాన్ని అడుగుతాను" అంది.

తల్లినీ నానమ్మనీ పిలిపించాను. ఈ బల్ల దగ్గరే కూర్చున్నాం, నలుగురం. ఆ పిల్ల ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు.

"నేను కోర్టులో లేదని చెప్తాను. బుడ్డదాన్ని నాకిచ్చెయ్యండి. బడి మార్పించి నా దగ్గరే ఉంచుకుంటాను. బాబాయి దాన్ని చూడ్డానికి రాకూడదు, అదీ ఆ ఇంటికి రాదు. ఎప్పటికీ."

తల్లి, "ఇద్దర్నీ వదులుకుని నేనెలా ఉండనే?" అని ఏడ్చింది.

"నువ్వూ రా అమ్మా" అంది ఈ పిల్ల.

తల్లి అత్తగారివైపు చూసింది. మళ్ళీ కూతురివైపు చూసింది. ఆ తర్వాత బల్లవైపు చూస్తూ ఉండిపోయింది. రాలేదక్కా. పెద్ద కూతురి సంరక్షణలో చిన్నపిల్లని ఉంచుతున్నానని కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళిపోయింది. ముసలావిడ మాత్రం గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చి, "దానికి చీకటంటే భయం, దీపం తియ్యకండి" అని చెప్పింది.

సాక్షిగా నేనే సంతకం పెట్టాను. అబద్ధం చెప్పబోతోందని తెలిసి కోర్టుకి నా చేత్తో తీసుకెళ్ళాను. బయటపడితే ఈ గృహం మూసేస్తారు, నన్ను లోపల వేస్తారు. ఆ రెండూ పరవాలేదు. బేరం చెడితే బుడ్డది మళ్ళీ ఆ ఇంటికి పోతుంది, అది ఒక్కటే కూడదు.

నీమీద గెలవాలని కాదక్కా. ఆ రోజు అక్కడ గెలిచినవాడు ఒక్కడే. వాడు కోర్టు మెట్ల మీద నాకు నమస్కారం పెట్టి వెళ్ళాడు.

చిట్టి



సభ్యుల వసతి భవనం.

చిట్టికి,

ఉత్తరం చదివి చించేశాను. సవరణ ప్రవేశపెట్టనని చెప్పేశాను. ఎందుకని అడిగారు. నా దగ్గర చెప్పుకోగలిగిన కారణం ఒక్కటీ లేదు. వేరేవాళ్ళు ప్రవేశపెట్టారు. ఇవాళ ఓటింగ్.

వ్యతిరేకంగా చెయ్యెత్తింది నేనొక్కదాన్నే. మాట్లాడతారా అని అడిగారు. లేచాను. "ఆ అమ్మాయి అబద్ధాలకోరు కాదు" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదుటివాళ్ళు "ఏమిటి ఆధారం, ఏమిటి ఆధారం" అని అరుస్తున్నారు. "ఇది తప్పు" అని మాత్రం అని కూర్చున్నాను. మాటల మీద బతికినదాన్ని, నాకు అంతకంటే మాట దొరకలేదు.

బయట మీ సంఘం వాళ్ళు నాకు చప్పట్లు కొట్టారు. వాళ్ళ మొహాలు చూడలేక గబగబా నడిచాను. మెట్ల కింద ఆ తల్లి నిలబడి ఉంది. ఈసారి చెయ్యి పట్టుకోలేదు. "నా బిడ్డ పేరు మీద వచ్చిన చట్టాన్ని ఆ అబద్ధాల పిల్ల నవ్వులపాలు చేసింది. దాన్నా మీరు వెనకేసుకొచ్చేది?" అంది. తప్పుకుని కారెక్కాను. నేను తలుపు మొహాన వేసినట్టే అనుకుని ఉంటుంది.

వచ్చే ఎన్నికల్లో నాకు సీటు లేదని సాయంత్రమే కబురు పంపారు. దానికి ఏడుపు రాలేదు. నేను తాడు పెద్దది చేస్తే ఆడవాళ్ళ గొంతు పెద్దదవుతుందనుకున్నాను చిట్టీ. మనసారా అనుకున్నాను. ఆ క్లాజు రాసినప్పుడు నా కళ్ళముందు నేరస్తుడి మొహమే ఉంది. వాడి పక్కన అన్నం తింటున్న నలుగురూ లేరు.

ఆ పిల్ల తింటోందా? నిద్రపోతోందా?

అక్క



ఆశ్రయ గృహం,
ఆఫీసు గది.

అక్కకి,

తింటోంది. నిద్ర అంతగా లేదు.

మాకు రెండు వీధుల అవతల ఒక గది తీసుకున్నారు, మెట్ల కింద, కిటికీ ఒకటే. బుడ్డది కొత్త బడికి వెళ్తోంది. మొదట్లో మాట్లాడేది కాదు, ఇప్పుడు ఆగకుండా మాట్లాడుతోంది. మా వంటగదిలో అందరి చెవులూ తినేస్తోంది. అమ్మని అడుగుతుంది. "ఆదివారం వస్తుంది" అంటుంది అద్దాలమ్మాయి. ఒక ఆదివారం వచ్చింది. తర్వాత రాలేదు.

తీర్పులో పేరు లేకపోయినా ఊరికి తెలుసు. దుకాణంలో ఆ పిల్లని ముందు కౌంటర్లోంచి తీసి వెనక గదిలో అద్దాలు తుడిచే పనిలో పెట్టారు. వచ్చినవాళ్ళు ఇబ్బంది పడుతున్నారట. ఎవరూ ఏమీ అనరు. టీ తెచ్చినవాడు కప్పు చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి పోతాడని చెప్పింది, అంతే. నువ్వు సభలో నిలబడిన సంగతి చెప్పాను. సంతోషపడిందో లేదో నాకు తెలియలేదు.

నిన్న బుడ్డదాని జడ వేస్తూ, తల ఎత్తకుండానే అడిగింది: "మేడం, నేను అబద్ధాలకోరునని రాసేశారు కదా కోర్టులో. అది ఎప్పటికైనా కొట్టేస్తారా?"

నేను ఏదో పని ఉన్నట్టు లేచి బయటికి వచ్చేశాను. అందరికీ ధైర్యం చెప్పడం నా వృత్తి. నువ్వు చట్టాలు చేసిన మనిషివి. నువ్వే చెప్పు, ఏమని చెప్పను?

చిట్టి



సభ్యుల వసతి భవనం.
(ఇంకో నెల ఇక్కడే. తర్వాత ఎక్కడో తెలియదు.)

చిట్టికి,

కొట్టెయ్యరు.

నలుగురు వకీళ్ళని వేరే పేరు చెప్పి అడిగాను. పైకోర్టుకి వెళ్ళి ఆ మాటలు తీయించుకోవచ్చు. తీయించుకోవాలంటే నిజం చెప్పాలి. నిజం చెప్తే బేరం చెడుతుంది, తల్లి సంతకం వెనక్కి తీసుకుంటుంది, బుడ్డదాన్ని ఆ ఇంటికి పంపుతారు. కాబట్టి ఆ మాట అలాగే ఉంటుంది. ఆ పిల్ల ముసలిదైపోయినా ఉంటుంది.

ఇదే చెప్పు. మెత్తగా చెప్పకు, "చూద్దాం" అనకు. ఇప్పటిదాకా దానికి నిజం తిన్నగా చెప్పినది వాళ్ళ నానమ్మ ఒక్కతే.

చెప్పాక ఇంకొక్కటి అడుగు. ఆ క్లాజు రాసినావిడ ఒకసారి నిన్ను చూడాలనుకుంటోంది, రావచ్చా అని. వద్దంటే కారణం అడక్కు. మళ్ళీ అడక్కు.

అక్క